నెత్తిమీద సగం చంద్రుడు

పోయిన వారం మన కుమార్ సారును కోరుట్ల చౌరస్తాలో, అరవై మంది ముందు, నోట్లో వెలక్కాయ పడ్డ మనిషిలా నిలబెట్టి వచ్చాం. మరిచిపోయిన వాళ్ల కోసం మళ్లీ రెండు ముక్కలు. సకల జనుల సమ్మె నడుస్తోంది. బళ్లు బంద్, బస్సులు బంద్, ఆఫీసులకు తాళాలు. పిల్లల చదువు పాడుచేస్తున్నారని ఎవరూ వేలెత్తి చూపకుండా టీచర్లంతా కలిసి 'రోడ్డు మీద బడి' పెట్టారు. టెంట్‌హౌస్ నుంచి తెల్లగుడ్డ, జనరేటర్ వచ్చాయి. ఒక కోచింగ్ సెంటర్ ప్రొజెక్టర్ ఇచ్చింది. ల్యాప్‌టాప్, దానికి గుచ్చిన డేటా కార్డు మాత్రం కుమార్ సొంతం. బొమ్మను పట్టి లాగితే కదిలే వెబ్‌సైట్లు తెరిచి, గ్రహాలను గిరగిరా తిప్పి, విశ్వాన్ని తెచ్చి రోడ్డు మీద పరిచాడు. చప్పట్లే చప్పట్లు. ఆఖరున చంద్రకళల బొమ్మ తెరిచి, "భూమి నీడ పడి చంద్రుడు తరుగుతాడు" అని పదకొండేళ్లుగా చెబుతున్న మాటే చెప్పి, మౌసు తీసి ఆరో తరగతి సౌమ్య చేతిలో పెట్టాడు.

ఆ పిల్ల చంద్రుణ్ణి లాగి లాగి భూమి పక్కకు తెచ్చింది. భూమి నీడ వెనక ఎక్కడో ఉంది. చంద్రుడు దానికి తగలనైనా తగలకుండా పక్కన ఉన్నాడు. అయినా సగమే ఉన్నాడు. "సార్, నీడ అటుంది గదా, మరి గీడ సగమెట్లయిండు?" అని అడిగింది.

అప్పుడు మన సారు ఏం చేశాడు? డేటా కార్డు పీకి, ల్యాప్‌టాప్ మూసి, "నెట్ పోయింది పిల్లలూ" అన్నాడు.

అందరూ నమ్మారు. నెట్ పోవడం, కరెంటు పోవడం ఆ రోజుల్లో అన్నం తిన్నంత మామూలు. నమ్మని వాడు ఒక్కడే. గుంపు వెనక, చెట్టెక్కే మోకును చుట్ట చుట్టి భుజానికి తగిలించుకుని నిలబడ్డ సాయిలు. కల్లు గీత కార్మికుల ర్యాలీకి వచ్చి, ర్యాలీ అయిపోయాక పాఠం చూస్తూ అక్కడే ఆగిపోయాడు.

పిల్లలు వెళ్లిపోయారు. టెంట్‌హౌస్ వాళ్లు గుడ్డ మడత పెడుతున్నారు. సాంఘికశాస్త్రం చెప్పే జితేందర్ వచ్చి, "అదరగొట్టినవ్ కుమార్, రేపు గాక ఎల్లుండి మల్ల పెడదాం" అని వీపు తట్టి వెళ్లాడు. ఆ తట్టిన చోట కుమార్‌కు మంట పుట్టింది. తనేం అదరగొట్టాడో తనకు తెలుసు. ఆరో తరగతి పిల్లకు జవాబు చెప్పలేక అబద్ధమాడి తప్పించుకున్నాడు. వైర్లు చుడుతున్నాడు గానీ ఒక్క చుట్టూ సరిగ్గా పడటం లేదు.

"సారూ, నెట్ అచ్చిందా?"

తలెత్తితే సాయిలు. కుమార్ తేలు కుట్టిన దొంగలా చూపు తిప్పుకున్నాడు.

"లేదు సాయిలూ. సిగ్నల్ లేదు."

"జనం పోయిండ్రు సారూ. ఇప్పుడైతె అస్తదేమో సూడుండ్రి."

ఎగతాళి లేదు ఆ గొంతులో. అదే కుమార్‌ను ఎక్కువ బాధించింది. ఎగతాళి చేసి ఉంటే కోపం తెచ్చుకుని, నువ్వెంత నీ బతుకెంత అని బయటపడేవాడు. ఆ మనిషి నిజంగానే చూడాలని అడుగుతున్నాడు. కుమార్ పక్కనున్న చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, కార్డు గుచ్చాడు. నెట్ వెంటనే వచ్చింది. రాకపోతే బాగుండునని అనుకున్నాడు కూడా.

సాయిలు మోకు తీసి బెంచీ పక్కన పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని, మౌసును కోడిపిల్లను పట్టినట్టు పట్టుకున్నాడు. ఎడమ వైపు బొమ్మలో సూర్యుడి వెలుగు, భూమి, దాని చుట్టూ చంద్రుడు తిరిగే దారి. కుడి వైపు, మనకు కనబడే చంద్రుడు. కాసేపు అటూ ఇటూ లాగాడు. పున్నమి అయింది, అమావాస్య అయింది. ఒక దగ్గరికి వచ్చాక ఆపాడు.

"గిదే సారూ."

తెర మీద సగం చంద్రుడు.

"పున్నమి పోయి ఎనిమిదో నాడు నేను సూసేది గిదే. పొద్దు పొడిసే యాల్లకు చెట్టు మీద ఉంట గదా. పొద్దు గిటు తూర్పున ఎల్తది. సందమామ నెత్తి మీద ఉంటడు, సగం. ఎలుగున్న పక్క పొద్దు దిక్కే ఉంటది. రెండు ఒక్కపారే కండ్ల ముందర ఉంటె నడుమ నీడ ఏడికెళ్లి అస్తది?" అని మౌసు వదిలి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. "మా బిడ్డ గిదే గద సారూ, గా రోజు మిమ్ముల అడిగింది?"

అదే అడిగింది. మాట పొల్లు పోకుండా అదే.

నిరుడు వానాకాలం. ఎనిమిదో తరగతి. సాయిలు కూతురు భాగ్య మూడో వరుసలో లేచి నిలబడి, "సార్, మా నాయిన చెట్టు మీదికెళ్లి పొద్దును, సగం సందమామను ఒక్కపారే సూస్తడట. మరి నీడెట్ల పడ్తది సార్?" అంది. ఇంత చక్కని ప్రశ్న పదకొండేళ్లలో ఏ పిల్లా అడగలేదు. మంచి సారైతే చాక్‌పీసు కింద పెట్టి, పద చూద్దాం అనేవాడు. మన సారేమన్నాడు? "మీ నాయిన ఎన్ని కల్లు లొట్లు దించినంక చూసిండు? దించిండా, తాగిండా?" అన్నాడు. క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. నలభై రెండు మంది. ఆ మధ్యాహ్నం నుంచే పిల్లలు భాగ్యను 'సగం లొట్టి' అని పిలవడం మొదలుపెట్టారు. వరండాలో ఆ పిలుపు విని కుమార్ ఒకసారి నవ్వాడు కూడా. నెల తిరగకుండా ఆ పిల్ల బడి మానేసింది. రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా వరసగా సున్నాలు పెడుతూ, హెడ్మాస్టర్ అడిగితే, "ఆడపిల్లలను చదివియ్యరు సార్ ఆ ఇంట్ల" అని చెప్పాడు.

పుస్తకంలో తప్పుందా అంటే, లేదు. సూర్యుడి వెలుగు పడ్డ సగంలో మనకు ఎంత కనబడితే అదే ఆ నాటి చంద్రుడు అని పుస్తకంలో సరిగ్గానే ఉంది. తనకు చిన్నప్పుడు ఎవరో సారు చెప్పిన నీడ ముచ్చటే బుర్రలో పాతుకుపోయి, పుస్తకం తెరవకుండానే పాఠం చెప్పేవాడు.

"సాయిలన్నా," అన్నాడు. ఎప్పుడూ పేరు పెట్టి పిలిచే నోటికి 'అన్నా' ఎలా వచ్చిందో తెలియదు. తప్పయింది అనే మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. చాయ్ హోటల్ ముందు నలుగురున్నారు. వాళ్లను చూసి ఆ మాట మింగేసి, "భాగ్య ఇప్పుడు ఏడుంది?" అని అడిగాడు.

"సిరిసిల్లల సారూ. మా అక్క శంకరవ్వ తాన. సాంచెల కార్ఖానల దారం కండెలు సుడుతది. తొమ్మిదిల ఉండాల్సిన పోరి."

"బడి ఎందుకు బంద్ చేసింది?"

సాయిలు మోకు ఎత్తి భుజానికి వేసుకున్నాడు. "నాకు జెప్పది. మా సార్‌నే అడుగు అంటది. నేనేం అడుగుత సారూ మిమ్ముల?" అని, నాలుగడుగులు వేసి మళ్లీ ఆగాడు. "రేపటికి పున్నమి పోయి ఎనిమిది రోజులాయె. మబ్బు లేకుంటె పొద్దుగాల మీరే సూడుండ్రి."

ఆ మోకు భుజం మీద ఊగుతూ జనంలో కలిసిపోయేదాకా కుమార్ చూస్తూనే ఉన్నాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఇన్ని వారాలుగా చెప్పకుండా దాచింది నేను కాదు, కుమారే దాచాడు. ఆ మోకు వాసన అతనికి కొత్తది కాదు. రాయికల్ బుచ్చన్న అంటే అటువైపు తాటివనాల్లో తెలియని వాళ్లు లేరు. ఆ బుచ్చన్న కొడుకే మన కుమార్. తండ్రి దించిన కల్లు అమ్మగా వచ్చిన డబ్బుతోనే డిగ్రీ చదివాడు, బీఎడ్ చదివాడు. ఉద్యోగం వచ్చిన ఏడాది పెళ్లి కార్డులో తండ్రి పేరు కింద 'రైతు' అని అచ్చు వేయించాడు. భార్య సుమలత, "మామ చెట్టెక్కుతడు గదా, రైతేంది?" అంటే, "నీకు తెల్వది, ఊకో" అని కసిరాడు. ఆమె ఊకుంది.

అంతటితో పోలేదు. మూడేళ్ల కిందట ఒక పొద్దున బుచ్చన్న సైకిలు మీద బడి దాకా వచ్చాడు. లేత తాటి ముంజలు గోనెసంచిలో తెచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అటెండర్ నర్సింగం పరుగెత్తుకొచ్చి, "సార్, మీ కోసం ఎవరో పెద్దాయన వచ్చిండు, ఎవలు సార్?" అని అడిగితే, తండ్రి వినేంత దూరంలోనే ఉన్నాడని తెలిసీ కుమార్, "మా ఊరాయన" అన్నాడు. బుచ్చన్న సంచి నర్సింగం చేతికిచ్చి, "పిల్లలకు వెట్టుండ్రి" అని సైకిలు తిప్పుకుని పోయాడు. మళ్లీ ఎప్పుడూ బడికి రాలేదు. ఆ ముచ్చట ఇంట్లో ఎత్తనూ లేదు.

ఆ రాత్రి కుమార్‌కు కంటి మీద కునుకు పడితే ఒట్టు. తెల్లవారుజామున లేచి బండి తీశాడు. "ఏడికి?" అంది సుమలత. "సిరిసిల్లకు" అన్నాడు. బస్సులు లేవు కాబట్టి రోడ్డంతా ఖాళీ. కథలాపూర్ దాటాడు. రుద్రంగి దగ్గరికి వచ్చేసరికి ఎడమ చేతి వైపు ఆకాశం ఎర్రబడింది. సూర్యుడి అంచు పొలాల మీదుగా పైకి వచ్చింది. అప్పుడు బండి పక్కకు ఆపి, భయపడుతూ భయపడుతూ తలెత్తాడు.

ఉన్నాడు. నెత్తిమీద సరిగ్గా సగం. తెల్లగా, కడిగిన పళ్లెం ముక్కలా. వెలుగున్న వైపు సూర్యుడి దిక్కే ఉంది.

కొత్తగా చూసినట్టయితే అంత సిగ్గు వేసేది కాదు. కానీ ఈ చంద్రుణ్ణి అతను ఇంతకు ముందే చూశాడు. ఏడెనిమిదేళ్ల వయసులో తాటిచెట్టు మొదట్లో ఖాళీ లొట్టి పట్టుకుని కూర్చుని, పైన నాయన దిగుతాడా లేదా అని మెడ నొప్పి పుట్టేదాకా చూసేవాడు. మట్టల నడుమ నాయన కాళ్లు, నాయన నెత్తిమీద ఇదే సగం చంద్రుడు. పక్కన పొద్దు పొడుస్తూ ఉండేది. ఎన్నిసార్లో చూశాడు. తరువాత ఎవరో సారు నీడ అంటే, సొంత కళ్లను కాదని నీడే రాశాడు. మార్కులు వచ్చాయి. ఆ మార్కులతోనే సారయ్యాడు. చెట్టు మొదట్లో చూసిందేదీ చదువు కాదని ఎప్పుడో తీర్మానించుకున్నాడు. ఇప్పుడు నడిరోడ్డు మీద తల కొట్టేసినట్టయి, హెల్మెట్ తీయకుండానే ఏడ్చాడు.

సిరిసిల్లలో ఎనిమిది గంటలకు వాడ వాడంతా నిశ్శబ్దంగా ఉంది. మామూలు రోజైతే సాంచెల, అదే మరమగ్గాల చప్పుడుకు పక్కవాడి మాట వినబడదు. బొగ్గు గనుల కార్మికులు కూడా సమ్మెలో ఉండటంతో కరెంటు ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో దేవుడికే తెలియాలి. శంకరవ్వ గడప మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది.

"ఎవలు గావాలె?"

"భాగ్య... నేను వాళ్ల సార్‌ను."

"సారా? అయ్యో, కూసోండ్రి సారూ. గా కార్ఖానలనే ఉన్నది, సేటు ర్యాలీకి వోయిండు. రాండ్రి." చాట పక్కన పెట్టి, తనే ముందు నడిచింది.

రేకుల షెడ్డు. నాలుగు సాంచెలు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. కిటికీ దగ్గర భాగ్య చిక్కుపడ్డ దారం విప్పుతూ కూర్చుంది. ఏడాదిలో పొడుగైంది. జుట్టు మీద, కనుబొమల మీద దూది నూగు. సారును చూడగానే క్లాసులో లేచినట్టు లేచి నిలబడింది.

"నమస్తే సార్."

ఆ లేవడం చూసి కుమార్‌కు ఆనాటి మూడో వరుస గుర్తొచ్చింది. అరవై కిలోమీటర్ల దూరం మనసులో అనుకుంటూ వచ్చిన మాటలన్నీ గడప దగ్గరే రాలిపోయాయి. ఏ మాట దొరికితే ఆ మాట పట్టుకున్నాడు.

"ఆ రోజు నువ్వు చెప్పిందే కరెక్టు భాగ్యా. నీడ కాదు. నేను చెప్పిందే తప్పు. ఇయ్యాల పొద్దుగాల నా కండ్లతోని చూసిన, రుద్రంగి కాడ. మీ నాయిన చెప్పినట్టే ఉన్నడు, నెత్తి మీద. నన్ను క్షమించు బిడ్డా."

భాగ్య దారం వేలికి చుట్టుకుంటూ వింది. కోపం లేదు, సంతోషమూ లేదు.

"ఆ రోజు క్లాసుల ఎంతమందిమి ఉంటిమి సార్?"

"నలభై రెండు మంది."

"గీడ ఎంతమంది ఉన్నరు?"

కుమార్ చుట్టూ చూశాడు. ఆగిపోయిన నాలుగు సాంచెలు. గడప దగ్గర శంకరవ్వ. కిటికీలో ఒక పిచ్చుక. అతనికి అర్థమైంది. అంతమందిలో అన్న మాటను ఎవరూ లేని చోట వెనక్కి తీసుకోవడానికి వచ్చాడు. ఇక్కడికి వచ్చిందే అందుకు, ఎవరూ చూడరని.

"నిన్న అరవై మందిల నెట్ పోయిందన్నరట. మా నాయిన ఫోన్ జేసిండు. తప్పువట్టి చెప్పలే సార్. సంబురపడుకుంట చెప్పిండు, బిడ్డా, నీ ముచ్చటే కంప్యూటర్ల గూడ వడ్డది అని."

"చెప్త భాగ్యా. చౌరస్తాలనే చెప్త. అందరి ముందట, మైకుల. నువ్వు చెప్పింది నిజం, నేను చెప్పింది తప్పు అని. అప్పుడన్న బడికి వస్తవా? సమ్మె అయిపోంగనే తొమ్మిదిల కూసోవెడ్త. నేనే దగ్గరుండి పాఠాలు చెప్త."

భాగ్య చుట్టుకుంటున్న దారాన్ని ఇంకా లాగింది. దారం వేలికి బిగుసుకుని వేలు తెల్లబడింది.

"లొట్లు అన్నందుకు నేను బడి బంద్ జెయ్యలే సార్."

"మరి?"

"ఇంటికి వోయి ఏడిసిన. నువ్వు అచ్చి సార్‌ను అడుగు నాయినా అన్న. మా నాయిన లేసిండు గూడ. దర్వాజ కాడికి వోయి మల్ల అచ్చి కూసున్నడు. 'వద్దు బిడ్డా, ఆయిన రాయికల్ బుచ్చన్న కొడుకు. మనోడే. నేను వోయి లొల్లి జేస్తె ఆయిన ఎవ్వలో బడిల అందరికి ఎరికైతది. పాపం, దాసుకుంటుండు' అన్నడు."

కుమార్ నిలబడ్డ చోటే సాంచె చెక్కను పట్టుకున్నాడు. దాసుకుంటుండు. కోరుట్లలో, బడిలో, స్టాఫ్ రూములో ఎవరికీ తెలియదనుకుని పదకొండేళ్లు కాపలా కాసిన ముచ్చట, తను లొట్లు అని వెక్కిరించిన మనిషి ఇంట్లో మొదటి నుంచీ తెలుసు. తెలిసి, సారు పరువు పోతుందని సాయిలు తన బిడ్డ కన్నీళ్లను కూడా మింగించి ఊరుకున్నాడు. నిన్న చాయ్ హోటల్ దగ్గర కూడా ఒక్క మాట తూలలేదు.

"బయటోళ్లు అంటె పట్టించుకునేదాన్ని గాదు సార్," అంది భాగ్య. వేలికి చుట్టిన దారం విప్పేసింది. "మా నాయినను అన్నది, మా నాయిన లెక్క చెట్టెక్కే ఆయిన కొడుకే అని ఎరికైనంక, మీ ముందర కూసోబుద్ధి గాలె. మీరు బ్లాకు బోర్డు మీద ఏం రాసినా నాకు గదే యాదికచ్చేది."

"ఏందీ?" శంకరవ్వ గడప దాటి లోపలికి వచ్చింది. "రాయికల్ బుచ్చన్న కొడుకువా నువ్వు? నీ పాడుగాను, ముందే జెప్పొద్దా? నా పెండ్లికి కల్లు గాయిన వనం నుంచే అచ్చింది. ఎంత మంచి మనిషి. మంచిగున్నడా మీ నాయిన?"

అంత మామూలుగా, చుట్టపు చూపుగా అడిగిందా ప్రశ్న. మంచిగున్నాడో లేదో కుమార్‌కు సరిగ్గా తెలియదు. రాయికల్ వెళ్లి రెండు నెలలైంది. "ఉన్నడు అత్తా" అన్నాడు. తిట్టి ఉంటే ఓర్చుకునేవాడు. ఈ ఇంట్లో ఎవరూ తిట్టడం లేదు.

అప్పుడే జేబులో ఫోన్ మోగింది. జితేందర్. కుమార్‌ది ఏ కంపెనీదో పేరు లేని చౌక ఫోను, స్పీకర్ వేయకున్నా పక్కింటి దాకా వినబడుతుంది. చప్పుడు లేని ఆ షెడ్డులో జితేందర్ గొంతు నాలుగు గోడలకూ తగిలింది.

"కుమార్, ఏడున్నవ్? రేపటి క్లాసు ఖరారైంది. రాయికల్ దిక్కు నుంచి గౌడన్నలు మోకులు పట్టుకొని పెద్ద ర్యాలీ తీస్తున్నరు. వెయ్యి మంది దాకా అయితరు. వాళ్లల్ల అందరికంటె పెద్దాయన బుచ్చన్న అట, డెబ్బై ఏండ్లు, ఇంకా చెట్టెక్కుతడట. ఆయన చేతుల మౌసు వెట్టి నీ క్లాసు షురూ చేయిద్దమని అందరం అనుకున్నం. ఎట్లుంది?"

"ఆఁ" అన్నాడు కుమార్.

"ఇంకో ముచ్చట. మన నర్సింగం గీడనే ఉన్నడు, ర్యాలీ మాట్లాడవోయి ఆయనను చూసి గుర్తుపట్టిండు. ఆ బుచ్చన్న ఒకపారి మన బడికి నీ కోసం అచ్చిండట గదా, ముంజలు వట్టుకొని. మీ ఊరాయనే అన్నవట. మైకుల పరిచయం జెయ్యాలె గదా, సరిగ్గ చెప్పు. నీకేమైతడు?"

కుమార్ నోరు తెరిచాడు.

అదే క్షణాన కరెంటు వచ్చింది. ఆపడం మరిచిన నాలుగు సాంచెలూ ఒక్కసారిగా లేచి ధడధడమని మొదలయ్యాయి. రేకులు అదిరాయి. ఫోనులో జితేందర్ ఏమంటున్నాడో, తను ఏమంటే ఎవరికి వినబడుతుందో తెలియని మోత. నిన్న నెట్ పోయింది. ఈ రోజు కరెంటు వచ్చింది. కుమార్‌కు నిజంగానే ప్రాణం లేచొచ్చింది. సిగ్గుపడాల్సిన మాటే, కానీ లేచొచ్చింది. ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకుని, "ఇనబడ్తలేదు జితేందర్, కార్ఖానల ఉన్న, మల్ల చేస్త" అన్నాడు.

ఫోన్ పెట్టేయబోతూ తలెత్తాడు. కిటికీ దగ్గర భాగ్య లేదు.

ఆ పిల్ల సాంచెల నడుమ నుంచి నడిచి వెళ్లి, గోడకున్న మెయిన్ స్విచ్ దగ్గర నిలబడింది. సేటు తిడతాడని గాని, అత్త అరుస్తుందని గాని చూడలేదు. చేయి పైకెత్తి పిడి కిందికి లాగింది.

సాంచెలు ఒక్కొక్కటే మూలిగి ఆగిపోయాయి. షెడ్డంతా మళ్లీ సద్దుమణిగింది. ఫోను ఇంకా కట్ కాలేదు.

"ఇప్పుడు ఇనబడ్తది సార్," అంది భాగ్య. "చెప్పుండ్రి."

"హలో? కుమార్?" ఫోనులోంచి జితేందర్ గొంతు స్పష్టంగా వచ్చింది. "ఆ పెద్దాయన నీకేమైతడని అడుగుతున్న."

భాగ్య చేయి ఇంకా మెయిన్ పిడి మీదే ఉంది.